పిట్టగోడ మీద లవంగం వాసన

షిరీన్‌కి అత్తారింట్లో తనదంటూ దొరకబోతున్న మొదటి జాగా ఒక పిట్టగోడ. మొత్తం గోడ కూడా కాదు, తూర్పు వైపు ముక్క. ఆ ముక్క కూడా ఇంకా చేతికి రాలేదు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మామగారు డాబా ఎక్కి, పువ్వుల్ని వాసన చూసి తీర్పు చెప్పాలి. పువ్వుకి వాసన ఉంటే గోడ కోడలిది. లేకపోతే అత్తగారి నెత్తళ్ళది.

వన్ టౌన్‌లోని ఆ సన్న సందులో హుస్సేన్ బాషా గారిల్లు మూడు వాసనల మేడ. కింద ఆయన అత్తరు దుకాణం. అక్కడ గులాబీ, మల్లె, చందనం, వట్టివేరు. మధ్యలో కాపురం. అక్కడ ఎప్పుడు చూసినా ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఆ పైన డాబా. డాబా మీద నెత్తళ్ళు. కళ్ళు మూసుకుని మెట్లెక్కినా ఏ అంతస్తుకి వచ్చామో ముక్కే చెప్పేస్తుంది.

నెత్తళ్ళనే ఆ చిన్న చేపలు అత్తగారు మదీనా బీ సొత్తు. యారాడ నుంచి చేపలమ్మే పైడితల్లి బుట్టలో తెచ్చే తాజా సరుకుని బేరమాడి కొని, కడిగి, ఉప్పు పట్టించి, నీలం పట్టా మీద పరిచి ఎండబెడుతుంది. డాబా మీద పొద్దున్నుంచీ ఎండ నిలిచేది తూర్పు గోడ పక్కనే. మిగతాదంతా పక్కింటి నీళ్ళ ట్యాంకు నీడ. చేపలకీ ఆ ఎండే కావాలి, పువ్వులకీ ఆ ఎండే కావాలి.

అసలు పువ్వుల సంగతి ఎలా వచ్చిందంటే, పెళ్ళయిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర మామగారు కోడలిని పలకరించారు.

“ఏటి సదివేవమ్మా నువ్వు?” అన్నారు, సంబంధం చూసినప్పుడే తెలిసిన సంగతిని తెలియనట్టు.

“బీయస్సీ బాటనీ, మావయ్యా.”

“అంటే మొక్కల సదువు. మన దుకాణంలో లేని వాసన ఏదన్నా ఉందేటి మీ పుస్తకాల్లో?”

‘మీ దగ్గర లేనిదేముంది మావయ్యా’ అనేసి ఉంటే సరిపోయేది. ఆయన మురిసిపోయి ఇంకో మాంసం ముక్క వడ్డించమనేవారు. కానీ షిరీన్‌కి అప్పుడు ప్రపంచమంతా ముద్దొస్తోంది. స్టీలు గ్లాసు ముద్దొస్తోంది, గ్లాసు మీద చెక్కిన మొగుడి పేరు ముద్దొస్తోంది, రేవులో కూసే ఓడ ముద్దొస్తోంది. అలాంటి స్థితిలో ఉన్న మనిషి నోటికి తాళం ఉండదు.

“ఉంది మావయ్యా. డయాంథస్ అని చిన్న పువ్వు. రేకుల అంచులు కత్తెరతో కత్తిరించినట్టుంటాయి. లవంగం వాసనొస్తాది.”

అన్నం కలుపుతున్న హుస్సేన్ బాషా గారి చెయ్యి ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా వన్ టౌన్‌లో ఆయన ముక్కుకి ఎదురు చెప్పిన వాళ్ళు లేరు. సీసా మూత తియ్యకుండానే ఏ అత్తరో చెబుతారు. ఎదురుగా వచ్చిన మనిషి పొద్దున్న టీ తాగాడో కాఫీ తాగాడో చెబుతారు.

“లవంగం వాసన లవంగానికే ఇచ్చేడమ్మా అల్లా. ఇంకో పువ్వుకి అరువిస్తాడేటి?”

“పెంచి చూపిస్తాను మావయ్యా.”

“ఎక్కడ పెంచుతావ్?” అంది మదీనా బీ.

“డాబా మీద, తూర్పు గోడ పక్కన.”

“అక్కడ నా నెత్తళ్ళున్నాయి.”

“కొంచెం జరిపితే...”

“సేపల్ని జరపమంతంది సూడండి కొత్త కోడలు!” అని మదీనా బీ మొగుడి వైపు తిరిగింది.

షిరీన్ భర్త షహబాజ్ పళ్ళెంలోకి చూస్తూ, మెతుకులు లెక్కపెడుతున్నట్టు తిన్నాడు. పోర్టులో అంతెత్తు క్రేన్ ఎక్కి లోకమంతా కిందికి చూసే మనిషికి, ఇంట్లో అమ్మకీ భార్యకీ మధ్య చూడటానికి మాత్రం దిక్కు తోచలేదు.

చివరికి హుస్సేన్ బాషా గారే ఒప్పందం చేశారు. చలికాలం గడిచేలోగా పువ్వు పూసి, దానికి లవంగం వాసన వస్తే గోడ కోడలిది. రాకపోతే కుండీలు దిగిపోతాయి, మళ్ళీ ఎవరూ డాబా ఊసెత్తకూడదు.

నిజానికి షిరీన్ దగ్గర ఒక డయాంథస్ మొక్క అప్పటికే ఉంది. పెళ్ళికి ముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన విత్తనాల్లో ఒక్కటే మొలిచింది. పొట్లం మీద ‘పాత రకం, సువాసన’ అని ఉంది. దాన్ని పెయింటు డబ్బాలో పెట్టి, దువ్వాడ నుంచి అత్తారింటికి వచ్చేటప్పుడు కారులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పెళ్ళికూతురు ఒళ్ళో గడ్డి డబ్బా ఏమిటని పిన్నులంతా నవ్వారు. నవ్వాల్సిందే మరి. నీలంగా, బూడిదగా, సన్నసన్న ఆకులతో అది అచ్చం గడ్డిలాగే ఉంది. వారాలు గడిచినా అలాగే ఉంది. ఒక్క మొగ్గ లేదు.

పందెం గడువు దగ్గర పడుతుంటే షిరీన్‌కి గుబులు పట్టుకుంది. షహబాజ్ బండి మీద దువ్వాడ నర్సరీకి పోయి, మూడు కుండీలు కొని తెచ్చుకుంది. ఒకటి ఎర్రది, ఒకటి గులాబీ రంగుది, ఒకటి తెలుపు మధ్యలో ఎర్ర గీత ఉన్నది. మూడూ విరగబూసి ఉన్నాయి. మూడింటి మీదా ‘డయాంథస్’ అనే రాసి ఉంది. పేరు అదే అయినప్పుడు వాసనా అదే అవుతుంది కదా అనుకుంది. సువాసన ఉందో లేదో అక్కడే వంగి చూడాలన్న ఆలోచన బీయస్సీ బాటనీకి రాలేదు. అంత అందంగా ఉన్నాయవి.

ఆ సంబరంలో పెయింటు డబ్బాని మర్చిపోయింది. మదీనా బీ మర్చిపోలేదు. సముద్రపు గాలికి నీలం పట్టా లేచిపోకుండా మూల మీద పెట్టుకోవడానికి ఆమెకి సరిగ్గా అంత బరువే కావాలి. గడ్డి డబ్బా నెత్తళ్ళ కాపలాకి కుదిరింది.

ఇక షిరీన్ పొద్దున్నలన్నీ పండగలే. హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందంటే వన్ టౌన్ డాబాల మీద బొగ్గు పొడి సన్నగా పరుచుకుంటుంది. షహబాజ్ పాత రుమాలు తడిపి ఒక్కో ఆకే తుడిచేది. వాడిన పువ్వుని గోటితో గిల్లేసి, కొత్త మొగ్గ కనపడితే కిందికి పరిగెత్తి మొగుడిని లేపేది.

సందుకి అటువైపు డాబా మీంచి ఆదిలక్ష్మమ్మ పలకరించేది. సందు ఎంత సన్నమంటే, చెయ్యి చాపితే అటు డాబా నుంచి ఇటు డాబాకి పంచదార గిన్నె అందించుకోవచ్చు.

“ఏటే షిరీనూ, మొక్కలకి మొహాలు కడుగుతన్నావా?”

“బొగ్గు పడింది పిన్నీ.”

“బాగున్నాయే పువ్వులు. దేవుడికి రెండు ఇయ్యరాదేటి?”

“తీర్పయ్యాక ఇస్తాను పిన్నీ.”

“వాసన ఉంటేనే ఇయ్యి. వాసన లేని పువ్వు దేవుడికేటి పెడతాం? మా ఆయన్లాగ ఊరికే ఉంటాది అక్కడ.”

వాసన. అక్కడే చిక్కు. షిరీన్ ముక్కుని రేకుల్లోకి పెట్టి పీల్చింది. పొద్దున్న పీల్చింది, సాయంత్రం పీల్చింది. తడి మట్టి వాసన వచ్చింది. గట్టిగా పీలిస్తే నెత్తళ్ళ వాసన వచ్చింది. లవంగం మాత్రం రాలేదు. తన ముక్కు బాగాలేదేమోనని షహబాజ్‌ని పైకి లాక్కొచ్చింది.

“చూడండి. వాసన వస్తోందా?”

షహబాజ్ కళ్ళు మూసుకుని భక్తిగా పీల్చాడు. రోజంతా బొగ్గు దించే చోట క్రేన్ నడిపే మనిషి. ఆ ముక్కులోకి ఏ వాసన పోవాలన్నా ముందు బొగ్గుని అడిగి పోవాలి.

“వత్తంది,” అన్నాడు.

“ఏం వాసన?”

షహబాజ్ ఒక కన్ను తెరిచి పువ్వుని చూశాడు. “ఎర్రగా... బాగుంది.”

“వాసన ఎర్రగా ఉందా?”

“మరి పువ్వు ఎర్రగా ఉంటే వాసన పచ్చగా ఉంటాదేటి?”

నవ్వింది గానీ, గురువారం రాత్రి షిరీన్ అన్నం సరిగ్గా తినలేదు. గోడ పోతే పోయింది. ‘వాసన లేని పువ్వుకి వాసనుందన్న కోడలు’ అనే పేరు మాత్రం వన్ టౌన్‌లో మనవళ్ళు పుట్టేదాకా పోదు. మదీనా బీ ఆ పళ్ళెం వైపు చూసింది. షహబాజ్ కూడా చూశాడు.

శుక్రవారం పొద్దున్నే షిరీన్ వంటింట్లో పోపుల డబ్బా వెనక పంటి నొప్పి మందు సీసా చూసింది. మెడికల్ షాపు లవంగం నూనె. దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత కొంగులో దాచుకుని డాబా ఎక్కింది. గులాబీ రంగు పువ్వులు ఉన్న కుండీని ఎంచుకుంది, మధ్యలో ఉంది కాబట్టి మామగారు ముందు దాన్నే చూస్తారని. అగ్గిపుల్లతో ఒక చుక్క. ఒక్క చుక్కే. గుండె రేవులో ఓడలా కూసింది. ‘క్షమించు’ అంది, పువ్వుకో అల్లాకో తెలియకుండా.

దిగుతుంటే మెట్ల మీద షహబాజ్ ఎదురయ్యాడు, తడి జుట్టుతో, ఒక చెయ్యి వెనక దాచుకుని.

“ఎక్కడికి?”

“ట్యాంకులో నీళ్ళు సూడ్డానికి.”

మామూలప్పుడైతే ‘ఇంత పొద్దున్నే నీళ్ళేమిటి’ అని అడిగేది. ఆరోజు తన కొంగులో దొంగతనం ఉంది కాబట్టి, “చూడండి చూడండి” అని పక్కకి తప్పుకుంది. కాసేపటికి అత్తగారు కూడా గుప్పెట మూసుకుని పైకి వెళ్ళింది, నెత్తళ్ళు తిరగెయ్యాలంటూ. షిరీన్ ఆమె కళ్ళలోకి చూడలేక కందిపప్పు ఏరింది, అప్పటికే ఏరేసిన కందిపప్పు.

నమాజు అయింది, భోజనం అయింది. హుస్సేన్ బాషా గారు తెల్ల లాల్చీలో డాబా ఎక్కారు. వెనకే మదీనా బీ, షహబాజ్, షిరీన్. అటు డాబా మీద ఆదిలక్ష్మమ్మ ఎండిన బట్టలు తియ్యడానికి వచ్చి, తీసిన చీరనే మళ్ళీ ఆరేస్తోంది.

హుస్సేన్ బాషా గారి చెవిలో ఎప్పుడూ అత్తరు దూది ఉంటుంది. దాన్ని తీసి భార్య చేతిలో పెట్టారు. జడ్జీగారు కళ్ళజోడు సర్దుకున్నట్టుంది.

“వాసన వత్తంది,” అన్నారాయన, ఇంకా గోడ దగ్గరికి పోకుండానే. “ఇక్కడికే వత్తంది.”

షిరీన్ మొహం వెలిగింది. షహబాజ్ మొహం వెలిగింది. విచిత్రంగా మదీనా బీ మొహం కూడా వెలిగింది.

ఆయన ముందు ఎర్ర పువ్వుల దగ్గరికి వంగారు. ఒకసారి పీల్చారు. తల తిప్పకుండానే అన్నారు.

“షహబాజూ.”

“అబ్బా?” అని పలికాడు షహబాజ్ తండ్రికి.

“మన దుకాణంలో లవంగం నూనె పెద్ద సీసా మీద మూత బిగించేవా, తీసినోడివి తీసినట్టే ఒగ్గేసేవా?”

షహబాజ్ చెయ్యి మళ్ళీ వెనక దాచుకున్నాడు.

“గాజుపుల్ల కడగలేదు. చందనంలో ముంచిన పుల్లే దీంట్లోనూ ముంచేవు. పువ్వుకి లవంగంతో పాటు చందనం కూడా పూసింది, మాషా అల్లా!”

అటు డాబా మీద ఆదిలక్ష్మమ్మ చీరలో మొహం దాచుకుంది. షిరీన్ మొగుడి వైపు చూసింది. కోపం రావాల్సింది. బొగ్గు ముక్కు పెట్టుకుని, తన కోసం తండ్రి దుకాణంలోనే దొంగతనం చేసిన ఆ మనిషిని అక్కడే పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అంతలో మామగారు గులాబీ రంగు పువ్వుల మీదకి వంగేసరికి ముద్దు ఆలోచన ఎగిరిపోయింది.

“ఇది మన దుకాణం సరుకు కాదు,” అన్నారాయన. “మెడికల్ షాపుది. కర్పూరం కలిపిన పంటి మందు.” నెమ్మదిగా తల తిప్పారు. “ఎవరికమ్మా పంటి నొప్పి?”

“నాకే మావయ్యా,” అంది షిరీన్, నేల చూస్తూ. “పొద్దున్న బాగా నొప్పి... పువ్వుకి.”

మదీనా బీ గట్టిగా దగ్గి, “సాలు లెండి, ఎండగా ఉంది, కిందకి పదండి,” అంది. కానీ ఆయన అప్పటికే మూడో కుండీ దగ్గరున్నారు. ఈసారి ఎక్కువసేపు పీల్చారు. వేలితో రేకుల మీంచి ఏదో నలుసు తీసి నాలుక మీద పెట్టుకున్నారు.

“మదీనా.”

“ఏటి?”

“రోట్లో దంచిన లవంగం. యాలకుల పొట్టు కూడా ఉంది. ముందు దంచిన అల్లం వెల్లుల్లి కడగలేదు. బాటనీలో దీన్నేటంటారు, బిరియానీ పువ్వా?”

షిరీన్ ఆశ్చర్యంగా అత్తగారి వైపు తిరిగింది. “అత్తా! మీరా? గోడ మీకే వచ్చేది కదా!”

మదీనా బీ కొంగు విదిలించింది. “రాత్రి అన్నం ముట్టలేదు పిల్ల. నాను సూళ్ళేదేటి? నెత్తళ్ళు యాడైనా ఎండుతాయి. మనిషి ఎండిపోతే నానేటి సెయ్యాల?”

షిరీన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ముక్కు కారింది. షహబాజ్ రుమాలు ఇచ్చాడు. అది మొక్కల్ని తుడిచే రుమాలు. మొహం మీద బొగ్గు గీత పడింది.

“సరే మావయ్యా,” అంది. “ఓడిపోయాను. ఈ మూడింటికీ వాసన లేదు. ఇవి చైనా రకం. రంగు కోసం పెంచుతారు. చదువుకున్నాను, సంబరంలో మర్చిపోయాను. కుండీలు దింపేస్తాను.”

“ఆగమ్మా,” అన్నారు హుస్సేన్ బాషా గారు. “నాను మెట్ల దగ్గరే వాసన వత్తందన్నాను. మీ ముగ్గురి దొంగ సరుకు గురించి కాదు.”

ఆయన ముక్కు పైకెత్తి, గాలిలో దారి వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా నడిచారు. కుండీలు దాటి, నీలం పట్టా వైపు. లాల్చీ ఎత్తి పట్టుకుని నెత్తళ్ళ మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ, పట్టా మూలకి చేరి, అక్కడి బరువు మీదికి వాలి ఉన్న మడత ఎత్తారు.

పెయింటు డబ్బా. గడ్డిలాంటి ఆకుల మధ్య, మడత నీడలో, అరచేతిలో సగం కూడా లేని లేత గులాబీ పువ్వు ఒకటి. అంచులు చింపిరిగా ఉన్నాయి. దాని మీద ఒక తేనెటీగ కూర్చుని ఉంది. అప్పుడు తోచింది షిరీన్‌కి, ఇందాకటి నుంచీ గోడ మీది కుండీల దగ్గర ఒక్క తేనెటీగ కూడా తిరగలేదని. లవంగం నూనె ఘాటుకి అవన్నీ పారిపోయి ఉంటాయి.

హుస్సేన్ బాషా గారు వంగి, ఆగారు. తేనెటీగ పనిలో ఉంది. “కానీ, ముందు నువ్వు కానీ,” అన్నారు దానితో, దుకాణంలో బేరం మధ్యలో ఉన్న ఖాతాదారుకి దారిచ్చినట్టు. అది లేచిపోయాక మోకాళ్ళ మీద కూర్చుని పీల్చారు.

ఊపిరి వదిలి, ఇంకోసారి పీల్చారు.

“లవంగమే,” అన్నారు చివరికి. “కానీ లవంగంలో కారం ఉంటాది. ఇందులో లేదు. ఇది పాలల్లో ఏసిన లవంగం.” తలెత్తి, “దీనికెవరు రాసేరు?” అన్నారు.

“నాను కాదు!” “నేను కాదు మావయ్యా!” “నాకసలు తెలీదబ్బా!”

“తెలుసులే. సరదాకి అడిగేను.” మోకాళ్ళు పట్టుకుని లేచారు. “నా దుకాణంలో లేదీ వాసన. గోడ కోడలిది.”

షిరీన్ ఒక్క గంతు వేసింది. వెంటనే కిందకి వంగి మొక్కని చూసింది. ఆకులు పచ్చగా, బలంగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒక్క మొగ్గ లేదు, ఇప్పుడు పువ్వు పక్కనే ఇంకో మూడు మొగ్గలు. తను నీళ్ళయినా పోయలేదే!

“అత్తా, దీనికి నీళ్ళెవరు పోశారు?”

“నీళ్ళేటి? సేపలు కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి అంత దూరం తూముకాడికి నానెక్కడ నడుత్తాను? అందులోనే వొంపేసేదాన్ని.”

షిరీన్ నడుం మీద చేతులు పెట్టుకుని నీలం పట్టాని, డబ్బాని, నెత్తళ్ళని మార్చి మార్చి చూసింది. చేపల నీళ్ళు ఎరువు. పట్టా మడత మిట్టమధ్యాహ్నం ఎండకీ బొగ్గుకీ గొడుగు. నెత్తళ్ళని ఇక్కడి నుంచి పంపేస్తే పువ్వు కూడా వెనకే పోతుంది.

“మావయ్యా,” అంది నెమ్మదిగా, “గోడ నాకొద్దు. అంటే, గోడ నాదే. కానీ నెత్తళ్ళు ఇక్కడే ఉండాలి. అవి లేకపోతే వాసన లేదు.”

మదీనా బీ ఆ మాట పూర్తిగా వినను కూడా వినలేదు. సందు వైపు తిరిగి అప్పటికే కేకేసేసింది. “ఆదిలచ్చిమీ! విన్నావేటి? ఆ పువ్వు నానే పెంచేను! నా సేపల నీడన పెరిగింది!”

“ఓలమ్మో, నానంతా సూసేను!” అంది ఆదిలక్ష్మమ్మ, ఆరేసిన చీరని ఇంకోసారి ఆరేస్తూ. “అయితే దేవుడికి ఒకటియ్యి మరి!”

“ఇంకా మూడు మొగ్గలున్నాయి, ఆగు!”

ఆ చలికాలం మిగిలిన రోజులన్నీ హుస్సేన్ బాషా గారు దుకాణం తలుపులు తెరిచే ముందు డాబా ఎక్కేవారు. చెవిలో దూది ఇంకా పెట్టుకోకముందే. ముక్కు కడుక్కోవాలట. షిరీన్ ఆ మొక్కనుంచి కొమ్మలు తుంచి నాటింది. ఇంట్లో ఖాళీ అయిన పెయింటు డబ్బాలన్నీ పట్టా నాలుగు మూలలా చేరాయి. నీలం పట్టా ఇంక ఏ గాలికీ లేవలేదు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన షహబాజ్‌ని పైకి తీసుకెళ్ళింది.

“ఇప్పుడు చెప్పండి. ఏం వాసన?”

షహబాజ్ ఈసారి తయారుగా ఉన్నాడు. కళ్ళు మూసుకుని, వంగి, ఊపిరితిత్తుల నిండా పీల్చి, “పాలల్లో ఏసిన లవంగం!” అన్నాడు గర్వంగా.

“కళ్ళు తెరవండి.”

తెరిచాడు. ముక్కు కింద బెత్తెడు దూరంలో వరసగా ఎండుతున్న నెత్తళ్ళు ఉన్నాయి. పువ్వు అవతలి మూలన ఉంది.

“సర్లే,” అన్నాడు షహబాజ్. “నాకు అన్నీ బాగానే వత్తాయి.”